సదయ్య కాలికి రాయమల్లు నడక

గోదావరిఖనిలో మనుషుల్ని ముఖం చూసి కాదు, నడక చూసి గుర్తుపట్టేవారు. షిఫ్టు దిగి బొగ్గుబాయి లోంచి పైకి వచ్చేసరికి ముఖాలన్నీ ఒకే రంగులో ఉంటాయి మరి. కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ కనపడదు. కార్మికుల వాడలో ఆడవాళ్లు రైలు కట్ట మీద వచ్చే గుంపును దూరం నుంచే చూసి, ఆ ఊపు మా ఆయనదే అనుకొని, స్నానానికి నీళ్లు తోడటానికి లోపలికి పోయేవారు. పొరపాటు పడటం ఎప్పుడో గాని జరిగేది కాదు.

ఆ లెక్కన సదయ్యది పేరున్న నడక. అతనిది తట్టా చెమ్మస్ పని, అంటే బాయి లోపల పారతో బొగ్గు ఎత్తి తట్ట నింపి, ఆ తట్టను పట్టాల మీది టబ్బు దాకా మోసి కుమ్మరించడం. చెప్పుకోవడానికి అరముక్క పని, చేస్తే నడుములు పడిపోతాయి. పైకప్పు కిందికి ఉన్న చోట మిగతావాళ్లు తడుముకుంటూ, తిట్టుకుంటూ పోతుంటే సదయ్య మోకాళ్లు వంచి, మెడ మాత్రం నిటారుగా పెట్టి, తట్ట మీది బొగ్గు గులక కూడా రాలకుండా జారిపోయేవాడు. అతను పోతుంటే కొత్తగా చేరినవాళ్లను పని చూసే సర్దారు ఆపి, అదుగో అట్లా అడుగు వెయ్యాలని చూపించేవాడు. సదయ్యకు ఈ సంగతి తెలుసు. తెలిసి, మెడ మరికాస్త నిలబెట్టేవాడు. ఆస్తిపాస్తులు లేని మనిషికి ఏదో ఒకటి ఉండాలి కదా గర్వపడటానికి.

అతని జోడీ రాయమల్లు. ఇద్దరూ ఒకే టబ్బు నింపేవారు. చుట్టరికం ఏమీ లేకున్నా బావా అంటే బావా అని పిలుచుకునేవారు. ఎనభై ఆరులో ఒక రోజు పక్క గోడ నుంచి బొగ్గు పెళ్ల విరిగి రాయమల్లు కుడి తుంటి మీద పడింది. స్ట్రెచర్ వచ్చేదాకా ఆగే ఓపిక సదయ్యకు లేకపోయింది. అతన్ని వీపున వేసుకొని, ఏటవాలు దారిలో పైదాకా మోసుకొచ్చాడు. దవాఖానలో కళ్లు తెరిచిన రాయమల్లు, బావ నడుస్తుంటే ఊయలలో ఉన్నట్టే ఉంది తప్ప నొప్పి తెలవలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట సదయ్య చాలా కాలం దాచుకున్నాడు.

రాయమల్లు బతికాడు గాని తుంటి మునుపటిలా కాలేదు. కుడికాలి మీద బరువు పడేసరికి ఒళ్లంతా కుడికే ఒరుగుతుంది. కుడిచెయ్యి తొడకు అంటుకొని ఉంటుంది, ఎడమచెయ్యి మాత్రం దూరంగా ఊగుతుంది. ఆగినప్పుడు కుడి మడమ నేలకు ఆనీ ఆననట్టు లేచి ఉంటుంది. అయితే రాయమల్లుకు ఒక పట్టుదల ఉండేది. పై అధికారుల ముందు కుంటేవాడు కాదు. కుంటితే తేలిక పనికి మారుస్తారని, పనికిరాని మనిషిలా చూస్తారని అతని భయం. హాజరు వేసే కిటికీ ముందు పళ్లు బిగబట్టి పెళ్లికొడుకులా చక్కగా నడిచి, మలుపు తిరిగాక గోడ పట్టుకొని ఊపిరి వదిలేవాడు. చూసినవాళ్లు నవ్వేవారు. వారితోపాటు అతనూ నవ్వేవాడు.

తొంభై ఒకటికి సదయ్య ఇంట్లో ఒక దిగులు మొదలైంది. కొడుకు నర్సింగం పదో తరగతి తప్పి, పని లేక, చౌరస్తాలో తిరుగుతున్నాడు. కంపెనీ కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. తండ్రి డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చి చెబితే మాత్రం ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. దానినే అందరూ అన్‌ఫిట్ అనేవారు. సదయ్య ఒంట్లో రాయి లాంటి ఆరోగ్యం. కొడుకు బతుకు తన ఆరోగ్యం దగ్గరే ఆగిపోయిందన్న ఆలోచన ఒకసారి మనసులో పడ్డాక, ఇక అది అతన్ని నిద్రపోనివ్వలేదు. చివరికి, కుంటితే సరిపోతుంది కదా, అదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాడు. నడకలో మొనగాడికి కుంటడం ఒక లెక్కా అన్న పొగరు కూడా అందులో కొంత ఉంది.

పక్క క్వార్టర్‌లో ఉండే గులాం అలీ కంపెనీ దవాఖానలో కసరత్తు గదిలో పనిచేసేవాడు. విరిగిన కాళ్లు అతుక్కున్నాక మనుషుల్ని మళ్లీ నడిపించే గది అది. అక్కడి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నేర్చుకొని, ఇరవై ఏళ్లుగా జనాన్ని నడిపిస్తున్నాడు. ఒక సాయంత్రం సదయ్య అతని పెరట్లో కూర్చొని సంగతి చెప్పాడు. గులాం అలీ ముందు వద్దన్నాడు. నేను కుంటేవాళ్లను బాగుచేస్తాను గాని బాగున్నవాళ్లను కుంటిస్తానా అన్నాడు. నర్సింగం తన కళ్లముందు పుట్టి పెరిగినవాడు కావడంతో చివరికి మెత్తబడి, ఏదీ, ఎట్లా కుంటుతావో చూపించమన్నాడు. సదయ్య మూలనున్న కర్ర కుడిచేత పట్టుకొని, కుడికాలు ఈడ్చుకుంటూ పెరడంతా తిరిగాడు. గులాం అలీ నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు.

కర్ర పట్టుకోవలసింది నొప్పి ఉన్న వైపు కాదని, ఎదురు చేత అని చెప్పాడు. అబద్ధం ఆడేవాడు నొప్పి ఉన్న కాలి పక్కనే కర్ర పెడతాడట. నిజంగా నొప్పి ఉన్నవాడికి ఎవరూ చెప్పకుండానే ఒళ్లు ఎదురు చేతికి కర్ర ఇప్పిస్తుందట. సదయ్య వెర్రిముఖం వేసుకొని కూర్చున్నాడు.

"నడక అంటే ఏంది సదన్నా? పడుడు. ముంగటికి పడుకుంట పోతం, పడకముందే ఇంకో కాలు వచ్చి అందుకుంటది. గంతే" అన్నాడు గులాం అలీ.

తర్వాత కుదురుగా కూర్చొని చెప్పుకొచ్చాడు. మనిషి బరువంతా బొడ్డు కింద ఒక చోట ఉన్నట్టు లెక్క. ఏ కాలు నేల మీద ఉంటే ఆ కాలి మీదికి ఆ బరువు రావాలి, లేకపోతే మనిషి కూలబడతాడు. ఒక్క కాలి మీద ఉన్న ఆ ఘడియలో, రెండో వైపు జారిపోకుండా నడుమును పట్టి నిలిపేది తుంటి పక్కనున్న కండ. అది బలహీనపడితే మనిషి తనకు తెలియకుండానే ఆ వైపుకు ఒరిగి, బరువును తుంటి మీదికే తెచ్చుకొని నెట్టుకొస్తాడు. ఒక కండ లాగితే దాని ఎదురు కండ వదలాలి. కుడికాలు ముందుకు పోతే ఎడమచెయ్యి ముందుకు పోవాలి. ఇన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఉంటాయి. అందుకని ఒకచోట దెబ్బ తగిలితే మిగతావన్నీ దానికి సాయం వస్తాయి.

"కాలు ఒక్కటి కుంటది అనుకుంటరు. కాదు. మనిషి మొత్తం కుంటడు. నువ్వు కాలొక్కదాన్నే కుంటిస్తున్నవ్, మెడ చూస్తే రాజా లెక్క ఉంది."

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాడు. సొంతంగా అల్లుకున్న కుంటు పూటకో రకంగా మారుతుంది, నిజమైన కుంటు ఎప్పుడు చూసినా ఒక్కతీరుగానే ఉంటుంది. డాక్టర్లు చూసేది దాన్నే. ఇక రెండోది, తొడలు రెండూ టేపుతో కొలుస్తారు. పనిచేయని కాలు సన్నబడుతుంది, పనిచేసే కాలు సన్నబడదు. ఎక్స్‌రే సంగతికొస్తే, ఏళ్ల తరబడి తట్ట మోసినవాడి తుంటి ఏదైనా అంతో ఇంతో అరిగే ఉంటుంది కాబట్టి దానితో చిక్కులేదు.

మారని కుంటు ఎక్కడ దొరుకుతుందా అని సదయ్య పెద్దగా వెతకలేదు. అది రోజూ అతని పక్కనే నడుస్తోంది.

ఆ మరునాటి నుంచి అతను రాయమల్లుకు రెండడుగులు వెనక నడవడం మొదలుపెట్టాడు. బాయికి పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ వెనకే. బరువు ఎప్పుడు ఒరుగుతోంది, భుజం ఎంత దిగుతోంది, వెనక్కి తిరిగేటప్పుడు ఏ కాలి మీద తిరుగుతున్నాడు, కూర్చొని లేచే ముందు ఊపిరి ఎట్లా బిగపడుతున్నాడు, అన్నీ కళ్లతో తాగాడు. జనం పలచబడ్డ చోట తనూ అదే వరసన అడుగువేసి చూసుకునేవాడు. పాపం రాయమల్లు ఇంకోలా అర్థం చేసుకున్నాడు. తన కోసం ఆగుతూ నడవనక్కర లేదని ఒకటి రెండుసార్లు అన్నాడు. తర్వాత, మా బావ అందరిలా కాదు, నేను వెనకబడతానని నా వెంటే మెల్లగా వస్తాడని టీ కొట్టు దగ్గర నలుగురిలో చెప్పాడు. చేతిలో టీ గ్లాసు పట్టుకొని సదయ్య ఆ మాట విన్నాడు. చెవులు కాలిపోయాయి. అయినా తిరిగి పోయేటప్పుడు రెండడుగులు వెనకే నడిచాడు.

నేర్చుకున్నది బాగా పట్టుబడ్డాక ఒక సాయంత్రం గులాం అలీకి చూపించబోయాడు. పెరట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఎడమకాలి మీద తిరిగి, ఆగి, కుడి మడమ కాస్త లేపి నిలబడ్డాడు. మెచ్చుకుంటాడని చూశాడు. గులాం అలీ ముఖంలో నవ్వు లేదు. రాయమల్లు దవాఖానలో ఉన్నన్ని రోజులూ చెయ్యి పట్టి నడిపించింది తనే మరి.

"గీ నడక నాకు ఎరుకే సదన్నా" అన్నాడు మెల్లగా. లేచి లోపలికి పోయాడు. ఆ రోజు తర్వాత సదయ్యను పెరట్లోకి పిలవలేదు.

సదయ్య తల కొట్టేసినట్టయి ఇంటికి వచ్చాడు. ఆపెయ్యాలనే అనుకున్నాడు. గడపలో నర్సింగం చేతులు మోకాళ్ల చుట్టూ కట్టుకొని కూర్చొని ఉన్నాడు. వాణ్ణి చూసేసరికి ఆ ఆలోచన జారిపోయింది.

తట్ట ఎత్తుతుంటే తుంటి పట్టేసిందని చెప్పి సదయ్య సిక్కులో పడ్డాడు, అంటే జబ్బు సెలవు పెట్టాడు. ఇక మంచమే లోకం. కుడికాలి మీద బరువు పెట్టేవాడు కాదు. పెరట్లోకి పోయినా, అన్నానికి లేచినా ఆ కుంటే. ఎవరూ లేనప్పుడు కూడా మానలేదు, మానితే తొడ సన్నబడదని భయం. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి తొడ చేత్తో పట్టుకుంటే తెలిసేంత సన్నబడింది. ఆ కాలే తట్టలు మోసింది, ఆ కాలే రాయమల్లును పైకి తెచ్చింది. దాన్ని తన చేతులతో తాను ఎండగడుతున్నాడు. సన్నబడిందని సంతోషం కలిగిన ప్రతిసారీ వెంటనే తన మీద తనకే రోత పుట్టేది.

భార్య సమ్మవ్వకు అతను నిజం చెప్పలేదు. ఆమె నోట ఏదీ ఆగదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు గాని, అసలు సంగతి ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం లేకపోవడం. ఆమె పొద్దుగూకగానే ఇసుక వేయించి మూటకట్టి తుంటికి కాపడం పెట్టేది. మేడారం జాతరకు పోయి, మా ఆయన మునుపటి లెక్క నడిస్తే నిలువెత్తు బంగారం తూకమేసి ఇస్తానని తల్లులకు మొక్కుకొని వచ్చింది. అక్కడ బంగారమంటే బెల్లమే అయినా మొక్కు మొక్కే. నొప్పి లేని తుంటి మీద వేడి ఇసుక ఆనుతుంటే సదయ్య కళ్లు మూసుకొని పడుకునేవాడు. ఆమె అది నొప్పి అనుకొని ఇంకా మెత్తగా అద్దేది.

ఇంతలో ఒక సాయంత్రం రాయమల్లు చూడవచ్చాడు. తనూ మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నానని చెప్పాడు. కొడుకు పెళ్లీడుకు వచ్చాడు, తుంటి ఇక దిగుడు దారిలో పనికిరావడం లేదు, అధికారుల ముందు ఎంతకాలమని దాచుకుంటాను, ఇక ఉన్నది ఉన్నట్టు చూపిస్తానన్నాడు. ఇద్దరికీ ఒకటే తేదీ వచ్చిందని, తోడుగా పోదామని సంబరపడ్డాడు. సదయ్య దుప్పటి కుడితొడ మీదికి లాక్కున్నాడు. పైకి మాత్రం మంచిదేనన్నాడు.

బోర్డు కూర్చునే పెద్ద దవాఖానకు రైల్లో పోవాలి. దారంతా సదయ్య సంచి రాయమల్లే మోశాడు. రైలు మెట్లు దిగేటప్పుడు భుజం కూడా ఇచ్చాడు. నిజంగా కుంటేవాడి భుజం మీద చెయ్యి వేసి, కుంటనివాడు కుంటుతూ దిగాడు. నీ తుంటికీ నా తుంటికీ ఒక్కటే రోగం వచ్చింది చూడు బావా అని రాయమల్లు దారిలో అన్నాడు. సదయ్య కిటికీ వైపు తిరిగాడు.

ముందు సదయ్యనే పిలిచారు. వరండాలో బెంచీ మీద రాయమల్లు పక్క నుంచి లేచాడు. ఊపిరి బిగబట్టి లేచాడు, ఒరిగాడు, కుడిచెయ్యి తొడకు ఆనించాడు, అడుగు వేశాడు. అప్పటికి అతనికి అది తలచుకొని చేసే పని కాదు, ఒళ్లే చేసుకుపోతోంది. లోపల తల నెరిసిన డాక్టరు నడిపించాడు, వెనక్కి తిప్పాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు. కుడికాలి మీద నిలబడేసరికి ఎడమ వైపు నడుము నిజంగానే జారింది. తొడలు కొలిచాడు. చాలాసేపు పాతకాలం మనిషిలా నిమ్మళంగా చూశాడు. ఆఖరికి సదయ్య మోచెయ్యి పట్టుకొని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంత బాధతో ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకున్నావు అని అడిగాడు. ఆ అడగడంలో ఉన్న జాలికి సదయ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు. అది కూడా అతనికి కలిసే వచ్చింది.

బయటికి వచ్చేసరికి రాయమల్లు బెంచీ మీద కళ్లు మూసుకొని కూర్చొని ఉన్నాడు. పేరు పిలిచారు. లేచాడు. తలుపు వైపు చూశాడు, తర్వాత సదయ్య కాళ్ల వైపు చూశాడు. ఆపైన పళ్లు బిగబట్టి, చేతులు రెండూ సరిగ్గా ఊపుతూ, పెళ్లికొడుకులా చక్కగా లోపలికి నడిచిపోయాడు.

సదయ్యకు అన్‌ఫిట్, రాయమల్లుకు ఫిట్ అని రాశారు. తొడ కొంచెం సన్నగా ఉంది, నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడట. పనిచేయాలని ఉన్న మనిషి ఇన్నాళ్లకు ఒకడు కనపడ్డాడని డాక్టరు భుజం తట్టాడట.

తిరుగు రైల్లో సదయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఎందుకట్ల నడిసినవ్ బావా? చూపిస్త అంటివి గద."

"అలవాటు" అన్నాడు రాయమల్లు. తన సంచి తాను మోసుకొని స్టేషన్ దిగి, తన దారిన తాను పోయాడు.

సదయ్య ఆ ఒక్క మాటను గట్టిగా పట్టుకున్నాడు. పాపం, పై అధికారి కనపడగానే బిగుసుకుపోవడం అతని అలవాటే కదా, అందులో నా తప్పేముంది అని ఏళ్ల తరబడి తనకు తాను చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందో చూస్తేనే అది ఎంత నిలిచిందో తెలుస్తుంది.

నర్సింగం డ్యూటీలో చేరాడు. అదీ తండ్రి బాయిలోనే. మొదటి రోజు తిరిగి వచ్చి, రాయమల్లు కాకే సొంత చిన్నాన్న లెక్క నాకు అన్నీ చూపించాడమ్మా, ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ వంగాలో పక్కనే ఉండి చెప్పాడు, నీ తండ్రి నడక చూసి నేర్చుకున్నవాణ్ణే నేనన్నాడు అని సమ్మవ్వకు చెప్పాడు. సదయ్య ముందున్న కంచం పక్కకు జరిపి లేచాడు. రాయమల్లు కొడుకు మాత్రం కొన్నాళ్లు చూసి బొంబాయిలో కూలిపనికి పోయాడు. రాయమల్లు సదయ్య ఇంటికి రావడం మానేశాడు. దారిలో ఎదురైతే తల ఊపేవాడు, అంతే.

ఇక సదయ్యకు కుంటడమే ఉద్యోగం అయింది. కొడుకు జీతం తిన్నంత కాలం వాడలో నలుగురి ముందు కుంటాల్సిందే. కొన్నేళ్లకు, ఎవరూ లేని చోట చక్కగా నడిచి చూద్దామని తెల్లవారక ముందే రైలు కట్ట వెంట పోయాడు. మెడ నిలబెట్టాడు, చేతులు ఊపాడు, అడుగు వేశాడు. ఒళ్లు కుడికి ఒరిగింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఒరిగింది. అక్కడే పట్టాల మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు.

సిగ్గు చంపుకొని గులాం అలీ దగ్గరికి పోయాడు. గులాం అలీ కాలు పట్టి చూశాడు. తుంటి కండ పని మరిచిపోయింది, ఇన్నేళ్లూ రెండోవైపు మోసీ మోసీ ఎడమ మోకాలు కూడా అరుగుతోంది అన్నాడు. బాగుచేయవచ్చు, అయితే రోజూ కసరత్తు గదికి వచ్చి నలుగురిలో నడవాలి, నలుగురూ నువ్వు బాగుపడటం చూస్తారు, వస్తావా అని అడిగాడు. సదయ్య రాలేనన్నాడు. బాగుపడితే మొదట సంతోషించేది సమ్మవ్వ, మొక్కు తీర్చుకోవడానికి ఊరంతా చెప్పుకొని మరీ పోతుంది. అన్‌ఫిట్ అయిన మనిషి చక్కబడ్డాడని కంపెనీ చెవిన పడితే నర్సింగం సంగతేమిటి? అట్లా ఆ మొక్కు తీరకుండానే ఉండిపోయింది. ఆమె మాత్రం జాతర జాతరకూ పోయి, ఇంకొంచెం గడువు ఇమ్మని తల్లులను అడిగి వచ్చేది.

తొంభై ఎనిమిదిలో రాయమల్లు రిటైరయ్యాడు. పదవి దిగే రోజున తోటివాళ్లు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకురావడం అక్కడి ఆచారం. నర్సింగం పొద్దున్నే కొత్త చొక్కా వేసుకొని, మా కాక రిటైరైతే నేను ఆడకుండా ఎట్లా అని పోయాడు. సదయ్య కూడా ఉండలేక కర్ర పట్టుకొని బాయి గేటు దాకా పోయి, అందరికంటే వెనక నిలబడ్డాడు. కర్ర ఎడమచేతిలోనే ఉంది. ఇప్పుడు అది ఎవరో చెప్పింది కాదు.

రాయమల్లు మెడనిండా దండలతో వచ్చాడు. మేనేజరుకు దండం పెట్టి, గేటు దాకా చక్కగా నడిచాడు. గేటు దాటాడు. ఆగి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, అడుగు వేశాడు. ఒళ్లంతా కుడికి ఒరిగింది. అందరి ముందూ, మలుపు తిరగకముందే, సిగ్గూ దాపరికమూ లేకుండా కుంటుతూ జనంలోకి వచ్చాడు. సదయ్యను చూసి దగ్గరికి పిలిచాడు. దండ ఒకటి తీసి అతని మెడలో వేసి, పక్కన నడవమన్నాడు.

డప్పులు కదిలాయి. వెనక ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఒకే కాలు, ఒకే ఒరుగుడు, తొడ మీద ఒకే చెయ్యి. మొదట ఒకామె చూసి పకపక నవ్వింది. ఇద్దరూ ఒక్క తల్లి పిల్లల్లా నడుస్తున్నారని పక్కామెకు చూపించింది. ఇంకొందరు తిరిగి చూశారు. కొందరు నవ్వారు. కొందరు నవ్వబోయి ఆగిపోయారు. ముందర ఆడుతున్న నర్సింగం కూడా ఏమిటా అని తిరిగి చూశాడు. రాయమల్లు కాళ్లు చూశాడు, తండ్రి కాళ్లు చూశాడు. చేతులు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. తర్వాత చేతులు దించుకొని, మళ్లీ ఆడకుండా, తల వంచుకొని డప్పుల పక్కన నడిచిపోయాడు. సదయ్యకు భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

కుంటేవాళ్లిద్దరూ మెల్లగా వెనకబడ్డారు. డప్పుల మోత దూరమయ్యాక రాయమల్లు నోరు విప్పాడు. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు.

"ఆనాడు బోర్డుల నువ్వు లోపలికి పోతుంటే నేను కండ్లు మూసుకొని కూసున్న బావా. అడుగుల సప్పుడు ఇన్న. నేనే లోపలికి పోతున్న అనిపిచ్చింది."

సదయ్య ఆగిపోయాడు. రాయమల్లు కూడా ఆగాడు. ఇద్దరి కుడి మడమలూ నేలకు ఆనీ ఆననట్టు లేచి ఉన్నాయి.

"ఒక్క బాయి, ఒక్క కాలు, ఒక్కతీరు కుంటుడు. నీ ఎనుకనే నేను గట్లనే పోతే డాక్టరు ఇద్దరినీ దొంగలు అనేటోడు. నా నడక నువ్వు ముందుగాలనే పట్టుకపోతివి. నాకు సక్కగ నడుసుడు ఒక్కటే మిగిలింది."

"చెప్పరాదా బావా" అన్నాడు సదయ్య.

"ఏమని చెప్పాలె? చెప్తే నీ కొడుకుది పోతది, నా కొడుకుకు వస్తదో రాదో ఎరుక లేదు. నన్ను ఈపు మీద ఏసుకొని పైకి తెచ్చినోనివి. నీ మీద ఎట్ల చెప్పుదు?" మెడలోని దండలు సర్దుకున్నాడు. "ఆరేండ్లు దిగుడు బాటల నొచ్చినప్పుడల్లా నిన్ను తిట్టుకున్న. గది గూడ చెప్తున్న."

సదయ్యకు చేతులు జోడించాలనిపించింది. కర్ర ఉన్న చెయ్యి లేవలేదు. కళ్లనీళ్లు దండ మీద పడుతుంటే తుడుచుకోలేదు. తనది కూడా ఇప్పుడు నిజమైన నొప్పేనని, తాను కూడా బాగుపడే దారి లేనివాణ్ణేనని చెప్పుకుందామని నోటిదాకా వచ్చింది. ఎవరికి చెబుతున్నాడో గుర్తొచ్చి మింగేశాడు.

"నడువు బావా, ఇంటికాడ అందరు ఎదురుచూస్తున్నరు. నువ్వు ముంగట నడువు" అన్నాడు రాయమల్లు. "అప్పుడు నువ్వు నా ఎనుక వస్తివి. ఇయ్యాల నేను నీ ఎనుక వస్త."

సదయ్య ముందు నడిచాడు. ఈ ఒక్కసారైనా, ఈ ఒక్క మనిషి కళ్లముందైనా, తన నడక తాను నడవాలని మెడ నిలబెట్టి, బలమంతా పెట్టి కుడి అడుగు చక్కగా వేయబోయాడు. తుంటి వినలేదు. ఒళ్లు ఒరిగింది, చెయ్యి తొడకు ఆనింది. రెండడుగుల వెనక అదే అడుగు, అదే వరసన పడుతోంది. ఆ చప్పుడు వింటూ, తల ఎత్తకుండా, సదయ్య రాయమల్లు ఇంటిదాకా నడిచాడు.